మాట రాని ఆట

సెప్టెంబరు 4, 1998, శుక్రవారం

నోరు మూసుకోమన్నారు కాబట్టి రాయడం మొదలుపెట్టాను. మా ఆయన ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఈ డైరీలో ఇప్పటిదాకా గ్యాసు బుక్ చేసిన తేదీలు తప్ప ఏమీ లేవు.

గొంతులో కాయలాంటిది పెరిగితే తీసేశారు. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడవద్దన్నారు డాక్టరుగారు. గుసగుస అసలే వద్దట, అది మాటకన్నా చెడ్డదట. దగ్గు వస్తే ఎలా అని పలక మీద రాశాను. "మెల్లగా దగ్గండి" అన్నారు. మళ్ళీ గొంతు ఎలా వస్తుందని నేను అడగలేదు. డాక్టరుగారూ చెప్పలేదు.

దసరా వెళ్ళగానే బొంబాయి అమ్మాయి కొత్త పిక్చరు డబ్బింగు మొదలు. ఆ అమ్మాయికి తెలుగు ఒక్క ముక్క రాదు. మూడు సినిమాల్లో ఆమె తెలుగంతా నేనే. పోస్టరు మీద ఆమె బొమ్మ, హాల్లో నా గొంతు. నాలుగోది కూడా నాదే అని సౌండు ఇంజనీరు త్రినాథరావు గారు ఆసుపత్రికి వచ్చినప్పుడు అన్నారు. "తొందరేం లేదమ్మా, దసరాకి చాలా టైముంది" అని కూడా అన్నారు. చాలా టైముంది.

అత్తయ్య మాత్రం హాయిగా ఉంది. "కాపురానికొచ్చాక నువ్వింత నెమ్మదిగా ఉండటం ఇదే చూడ్డం పుష్పా" అంటోంది.

సెప్టెంబరు 6, ఆదివారం

ఆయన ఆఫీసులో కొత్త కంప్యూటరు కొన్నారట. పాతదాన్ని మా ఇంటికి తెచ్చి హాల్లో మూల బల్ల మీద పెట్టారు. "ఉత్తరాలు టైపు చేసుకో, కాలక్షేపం" అని చెప్పి సాయంత్రానికి అరకు ఔట్‌డోర్‌కి వెళ్ళిపోయారు. ప్రొడక్షన్ మేనేజర్లకి ఇల్లు కూడా ఒక లొకేషనే. షెడ్యూలు ఉంటే వస్తారు.

ఉత్తరాలు ఎవరికి రాయను? బీరువాలో ఉన్న సీడీ గుర్తొచ్చింది. వేసవిలో, గొంతు ఇంకా బాగున్నప్పుడు, మా కింద వీధిలో ఒక చిన్న కంపెనీవాళ్ళు పిలిచారు. పిల్లలు కంప్యూటర్లో ఆడుకునే ఆట తయారు చేస్తున్నారు, తెలుగులో. ఒక కోట ఉంటుంది. గది గదికీ తాళం. తాళాలు నడుముకు దోపుకున్న కోటమ్మ పొడుపు కథ వేస్తుంది, విప్పితే తలుపు తీస్తుంది. ఆ కోటమ్మకి మాటలు చెప్పింది నేనే. పని అయ్యాక ఒక సీడీ చేతిలో పెట్టారు. అప్పుడు మా ఇంట్లో కంప్యూటరు లేదు.

ఊరికే చూద్దామని పెట్టాను. ఇసుక గడియారం బొమ్మ వచ్చి చాలాసేపు కూర్చుంది. తర్వాత ఒక చిన్న పెట్టెలో ఇంగ్లీషులో రాసి చూపించింది, మెమరీ చాలదని. అదే పలక మీద రాసి అత్తయ్యకి చూపించాను.

"దానికీ మతిమరుపు వచ్చిందా? అయితే నా ఈడుదే" అంది.

సెప్టెంబరు 7, సోమవారం

ఆపి మళ్ళీ పెట్టాను. లేదు.

సెప్టెంబరు 9, బుధవారం

ఆ ఆట రాసినవాడు హనుమంతు. ఫోను చేసి అడిగితే ఒక్క నిమిషంలో తేలేదానికి పలకా బలపంతో ఎంత తతంగమో. అత్తయ్య ఫోను పట్టుకుంది. నేను రిసీవరుకి ఇటుపక్క చెవి ఆనించి, ఒళ్ళో పలక పెట్టుకున్నాను.

"హనుమంతు గారా? నేను బాబూ, పుష్పవల్లి అత్తగారిని. దానికి మాటల్లేవు. అంటే ఉన్నాయి, డాక్టరు వద్దన్నాడు."

"అయ్యో, ఆపరేషన్ అయిందని విన్నమమ్మా. చెప్పుండ్రి, ఏమైంది?"

ఆట తెరుచుకోవడం లేదు, మెమరీ చాలదంటోంది అని రాశాను.

"ఆట తెరుచుకోవట్లేదు బాబూ. మెమరీ చాలదంటోందిట. పిల్ల అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

రెండో సంగతి నేను రాయలేదు.

"మిషన్ల మెమరీ ఎంత ఉంది?"

పెద్ద అక్షరంతో 8 అని రాశాను.

"ఎనిమిదిట."

"మా ఆటకు పదహారు కావాలెనమ్మా. డబ్బా మీద రాసినం గద."

"మీరు డబ్బా ఎక్కడిచ్చారు? ఉత్త సీడీ చేతిలో పెట్టి పంపారు" అని అత్తయ్య గట్టిగానే అడిగింది. ఇది కూడా నేను రాయలేదు కానీ నిజమే.

హనుమంతు నవ్వాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. వేరే ప్రోగ్రాములు ఏం నడుస్తున్నయో అన్నీ బంద్ చెయ్యమనుండ్రి. తెర మీద రంగులు తగ్గియ్యాలె. డిస్క్‌ల జర జాగ ఖాళీ చెయ్యాలె. మెమరీ చాలకపోతే మిషన్ గా జాగ వాడుకుంటది." రంగులు ఎక్కడ తగ్గించాలో, ఏది నొక్కితే ఏది వస్తుందో వరసగా చెప్పాడు. అత్తయ్య ప్రతి ముక్కా నాకు అప్పజెప్పింది. చివర్లో, "నీది ఏ ఊరు బాబూ?" అంది.

"గీడనే అమ్మా, టోలిచౌకి."

"పెళ్ళయిందా?"

బలపంతో ఆవిడ మోచేతి మీద పొడిచాను. ఇన్నేళ్ళూ ఎవరెవరికో డబ్బింగు చెప్పాను. ఇవాళ నాకు మా అత్తయ్య చెప్పింది. స్క్రిప్టుకి కట్టుబడే అలవాటు ఆవిడకి లేదు.

సెప్టెంబరు 10, గురువారం

ఆయన ఆఫీసువాళ్ళ పాత కాల్‌షీట్లు బోలెడు ఉన్నాయి అందులో. కొన్ని కొట్టేశాను. ఆయనకి చెప్పనక్కర్లేదు. రంగులు తగ్గించాక తెర మీద అన్నిటికీ కామెర్లు వచ్చినట్టు ఉంది.

కోట వచ్చింది! రాతి గోడ, పెద్ద తలుపు, పైన జెండా. సంతోషం పట్టలేక అరవబోయి రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను. తలుపు మెల్లగా తెరుచుకుంది. కోటమ్మ రావాలి. అక్కడ అంతా నల్లగా అయిపోయి, మళ్ళీ మొదటికి వచ్చింది.

అయిదుసార్లో ఆరుసార్లో చేశాను. ప్రతిసారీ తలుపు దగ్గరే.

సెప్టెంబరు 12, శనివారం

టీవీలో బొంబాయి అమ్మాయి మొదటి పిక్చరు వేశారు. అత్తయ్య పిలిస్తే వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి లేచి వచ్చేశాను.

ఆ గొంతు నాదే, కాని నేను కాదు. ఆ అమ్మాయికి ఇరవై రెండు, నాకు ముప్ఫై ఎనిమిది. గొంతు సన్నం చేసి, పైకి లాగి, కాస్త గారం కలిపి చెబుతాను. అలా లాగీ లాగీ ఈ కాయ తెచ్చుకున్నానని డాక్టరుగారు అన్నారు. కోటమ్మకి మాత్రం హనుమంతు, "మీరు ఇంట్ల ఎట్ల మాట్లాడుతరో గట్లనే చెప్పుండ్రి మేడం" అన్నాడు. అలా చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు అంతకుముందు. అత్తయ్యతో, ఆయనతో, కూరలమ్మితో మాట్లాడే గొంతు ఎక్కడైనా రికార్డయి ఉందంటే ఆ సీడీలోనే.

అందుకని కాదు ఈ తిప్పలు పడుతున్నది. పని మొదలుపెట్టాక మధ్యలో వదిలేయడం నాకు చేతకాదు, అంతే.

సెప్టెంబరు 15, మంగళవారం

డాక్టరుగారు చూసి బాగా మానిందన్నారు. ఇక మాట్లాడవచ్చట. రోజూ కాసేపు, అరవకుండా, మామూలుగా. "గొంతు కొంచెం మారవచ్చు. బరువు రావచ్చు. వాడితేగాని తెలియదు. ఏదీ, ఇప్పుడే ఒక మాట అనండి" అన్నారు. దగ్గు వచ్చినట్టు చేసి గొంతు వైపు చెయ్యి చూపించాను. సరే, ఇంటికి వెళ్ళి మెల్లగా మొదలుపెట్టండి అన్నారు.

ఇంటికి వచ్చాక పలక మీద, "ఇంకో వారం ఆగమన్నారు" అని రాసి అత్తయ్యకి చూపించాను. అత్తయ్య ఆసుపత్రిలో నా పక్క కుర్చీలోనే కూర్చుని అంతా వింది. పలక చదివి కాఫీ కలపడానికి వెళ్ళింది.

సెప్టెంబరు 16, బుధవారం

బలపాలు అయిపోయాయి. ఒక డబ్బా తెప్పించాలి.

సెప్టెంబరు 19, శనివారం

హనుమంతు ఇంటికి వచ్చాడు. అత్తయ్య పెసరట్లు వేసింది. ఒక చేత్తో తింటూ ఒక చేత్తో మిషను మూత విప్పి లోపల చూశాడు. ఆట పెట్టి చూశాడు. కోట, తలుపు, చీకటి. నవ్వి తల గోక్కున్నాడు.

"తప్పు మాదే మేడం. కోటమ్మ తెర మీదకు వచ్చేముందు ఆమె మాటలన్నీ ఒక్కసారే మెమరీలకు ఎక్కిస్తది. గాడ ఆగిపోతున్నది. మా ఆఫీసుల మిషన్లు పెద్దయి, మాకెన్నడు ఆగలే. గింత చిన్నదాంట్ల పెట్టి సూడలేదు మేము."

మెమరీ పెంచలేమా అని రాశాను.

"ఈ పాత బోర్డుకు ఎక్కే చిప్పులు ఇప్పుడు దొరుకుతలేవు. నేను రెండు మూడు దుకాణాలల్ల అడిగిన." ఒక ఫైలు తెరిచి చూపించాడు. "ఒక్కటే మార్గం. ఈ లైనుల ఒకటి తీసి సున్నా పెడితే సౌండు బంద్ అయితది. మాటలు ఎక్కయి గనక ఆట మంచిగ నడుస్తది."

సౌండు లేకపోతే ఇంకేముంది అని రాశాను. బలపం విరిగింది.

"గట్లయితే మా ఆఫీసుకు రాండ్రి మేడం. నడిచే దూరమే గద. పెద్ద మిషన్ మీద మీ మాటలన్నీ మంచిగ వినొచ్చు."

అక్కడ ఏసీ ఉంది, గొంతుకి పడదు అని రాశాను. పాపం, నిజమే అనుకున్నాడు. అతను మెట్లు దిగాక అత్తయ్య ప్లేట్లు తీస్తూ, "ఏసీ లేని థియేటర్లో ఎప్పుడు చెప్పావే డబ్బింగు?" అంది.

పలక తుడిచి గోడకి ఆనించి పెట్టాను.

సెప్టెంబరు 23, బుధవారం

త్రినాథరావు గారు ఫోను చేశారు. అత్తయ్యే తీసింది.

"ఎలా ఉందండీ పుష్పవల్లి?"

"బ్రహ్మాండంగా ఉంది. కోయిలే."

"అమ్మయ్య. అయిదో తారీకు సోమవారం పొద్దున్న మొదటి రీలు వేస్తున్నాం. ఒక్కసారి మాట్లాడమనండి, గొంతు విందాం."

అత్తయ్య నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"స్నానం చేస్తోందండీ" అంది.

ఆయన సరే అన్నారట. తర్వాత, మంజులతని కూడా ఆరోజు రమ్మన్నాం, డైరెక్టరుగారు అడిగారు, నేను కాదు అన్నారట. పుష్పవల్లి వచ్చి ముందు చెబుతుంది, బాగుంటే గొడవే లేదు అన్నారట.

మంజులత మంచిపిల్ల. థియేటర్లో నా వెనక నిలబడి పని నేర్చుకుంది. ఆ అమ్మాయి మీద నాకేమీ లేదు.

సెప్టెంబరు 24, గురువారం

మంజులతకి 'ళ' పలకదు.

సెప్టెంబరు 27, ఆదివారం

రంగులు ఇంకా తగ్గించాను. ఆయన కాల్‌షీట్లు మిగతావీ కొట్టేశాను. కోట వచ్చింది. తలుపు తెరుచుకుంది. పోయింది.

ఆయన అరకు నుంచి ఫోను చేశారు. అత్తయ్య, "మాట్లాడుతుంది, మాట్లాడుతుంది, నువ్వు కంగారుపడకు" అంటోంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

అక్టోబరు 1, గురువారం

దసరా. అత్తయ్య ఆయుధ పూజ చేసింది. కత్తిపీట, కుట్టుమిషను, గ్రైండరు, కింద ఆయన స్కూటరు, అన్నిటితో పాటు కంప్యూటరుకి కూడా పసుపు రాసి కుంకుమ పెట్టి బంతిపూల దండ వేసింది. పూజలో పెట్టిన పనిముట్టుని ఆరోజు ముట్టుకోకూడదని నన్ను ఆ బల్ల వైపు వెళ్ళనివ్వలేదు.

అక్టోబరు 2, శుక్రవారం

పొద్దున్నే ఆట పెట్టాను. ఇవాళ కోట కూడా రాలేదు. మిషను లోపల గరగరమని తిరిగి, సీడీ చదవలేకపోతున్నానని చెప్పింది. బయటికి తీసి చూస్తే, మెరిసే వైపున నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్లు.

తీసుకెళ్ళి అత్తయ్య ముఖం ముందు పెట్టాను.

"ముఖం అటే కదే, అద్దంలా ఉంది. రెండో వైపు ఏవో రాతలుంటే అది వీపనుకున్నాను" అంది. "ఆ డబ్బాకి పెట్టి దీనికి పెట్టకపోతే ఎలా? నీ గొంతున్నది దీంట్లో కదా."

ఆ సంగతి నేనెప్పుడూ పలక మీద రాయలేదు.

సినిమావాళ్ళం, కెమెరాకి బొట్టు పెట్టందే మొదటి షాటు తియ్యం. కాని కెమెరాకైనా అద్దం వదిలేసి పక్కన పెడతారు. ఆ కిటుకు అత్తయ్యకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచి, మూసేశాను.

అత్తయ్య అలాగే నిలబడి ఉంది. "అనవే. తిట్టు. తిట్టినా వింటాను" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. సబ్బు నీళ్ళతో కడిగి, ఆయన పాత పంచె ముక్కతో ఒత్తాను. ఆరాక పెట్టి చూస్తే కోట వచ్చింది. తలుపు తెరుచుకుంది. యథాప్రకారం పోయింది. దాని మీద కోపం కూడా రాలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఇద్దరం మాట్లాడుకోలేదు. నేనెలాగూ మాట్లాడను, అత్తయ్య మాట్లాడకపోతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఇవాళ తెలిసింది.

అక్టోబరు 4, ఆదివారం

రేపే సోమవారం.

ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. డాక్టరుగారు మాట్లాడమన్న రోజు నుంచి నేను ఒక్క అక్షరం పలకలేదు. స్నానాల గదిలో కూడా. నాకు భయం. నోరు తెరిస్తే ఏం వస్తుందో అని భయం. ముందు పాత గొంతు ఒక్కసారి వింటే, దాన్ని పట్టుకుని మాట్లాడవచ్చని ఎక్కడో ఆశ పెట్టుకున్నాను. హనుమంతు ఆఫీసులో నలుగురి ముందు అది విని, నా నోట్లోంచి ఇంకొకటి వస్తే తట్టుకోలేననే వెళ్ళలేదు. ఏసీ కాదు.

మధ్యాహ్నం అత్తయ్య వంటింట్లో ఉండగా హనుమంతు చూపించిన ఫైలు తెరిచి, ఒకటి తీసి సున్నా పెట్టాను. వినలేకపోతే పోయె, చూద్దామనుకున్నాను.

కోట వచ్చింది. తలుపు తెరుచుకుంది. కోటమ్మ వచ్చింది. ముదురు పచ్చ చీర, నడుముకు తాళాల గుత్తి, కొంచెం లావు. తలుపు పట్టుకుని నా వైపు తిరిగి నోరు మెదిపింది. శబ్దం లేదు.

సినిమాలో ముందు పెదవులుంటాయి, వాటికి మేం మాట అతికిస్తాం. ఈ ఆటకి అలా కాదు. ముందు నేను మాట్లాడాను, నా మాటను బట్టి తర్వాత వాళ్ళు పెదవులు గీశారు. ఎక్కడ ఆగుతానో అక్కడ ఆగింది కోటమ్మ. నేను 'రండి' అనేటప్పుడు కింద పెదవి ఒక పక్కకి పోతుందని ఆయన వెక్కిరిస్తుంటారు. దానికీ ఒక పక్కకి పోయింది.

మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. తలుపు, కోటమ్మ, పెదవులు. మళ్ళీ పెట్టాను. థియేటర్లో ఒకే ముక్క లూపుగా మళ్ళీ మళ్ళీ తిరుగుతున్నప్పుడు ఇంతే, ముందు రెండుసార్లు చూస్తాం, మూడోసారి చెబుతాం. నేనేమీ అనుకోలేదు. ఆ బొమ్మ ఊపిరి తీసుకుంది, నేనూ తీసుకున్నాను. అది నోరు తెరిచింది.

"రండి పిల్లలూ, తలుపు తీశాను. కాళ్ళు కడుక్కుని లోపలికి రండి."

చివరి అక్షరం దాకా సరిపోయింది. గొంతు మాత్రం నాది కాదు. కిందికి దిగిపోయింది, అడుగంటిన పాలలా ఉంది. ఎవరో పెద్దావిడ మాట్లాడినట్టు ఉంది.

వంటింట్లోంచి అత్తయ్య, "ఎవరే వచ్చింది?" అని కేక వేసింది. "కాళ్ళు కడుక్కోమంటోంది ఎవరు?"

కూర్చునే అన్నాను, "ఎవరూ రాలేదు అత్తయ్యా. నేనే."

అత్తయ్య పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "మళ్ళీ అను."

"నేనే."

"నీలా లేదే" అంది. ఆవిడకి అబద్ధం ఫోనులోనే వస్తుంది. అలా అనేసి, పిండి చేతులతోనే నన్ను పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. నాకు గొంతు వచ్చినందుకు ఏడుపు వచ్చిందో, పోయినందుకు వచ్చిందో చెప్పలేను. రెండూ అయి ఉంటాయి.

అక్టోబరు 5, సోమవారం

థియేటర్‌కి వెళ్ళాను. నమస్కారమండీ అనగానే త్రినాథరావు గారు అద్దాల గదిలోంచి తల ఎత్తి చూశారు. ఎవరి గొంతయినా ఒక్క అక్షరంతో పోల్చేస్తారని ఆయనకి పేరు. నన్ను చూసేదాకా పోల్చుకోలేదు.

లూపు వేశారు. ఆ అమ్మాయి బస్సు వెంట పరిగెడుతూ, "ఆగు! నేనూ వస్తున్నా!" అనాలి. గొంతు పైకి ఎక్కలేదు. రెండోసారి ఎక్కింది గాని మధ్యలో చీలింది. మూడోసారి లూపు తిరుగుతుండగానే హెడ్‌ఫోను తీసేశాను.

"ఇంకొకటి చూద్దామా అమ్మా?"

"వద్దండి. పిల్ల గొంతు పోయింది. మంజులతని పిలవండి."

మంజులత తప్పు చేసినదానిలా తల వంచుకుని వచ్చింది. మొదటిసారి మాట ముందే అందుకుంది. "ఆ అమ్మాయి మాట్లాడేముందు ఒక గుటక వేస్తుంది, గుటక అయ్యాక అందుకో" అని చెప్పాను. రెండోసారి సరిపోయింది. బాగా చెప్పింది. వెనక కుర్చీలో కూర్చుని వింటుంటే నాకు కుళ్ళు పుట్టింది. నా డైరీలో నేను దాచుకోవడం ఎందుకు?

లేచి వచ్చేస్తుంటే త్రినాథరావు గారు ఆపారు. అదే రీల్లో హీరోయిన్ తల్లి గుమ్మంలో నిలబడి ఒక మాట అంటుంది, అది చెప్పి వెళ్ళమన్నారు. నేను హీరోయిన్‌ని త్రినాథరావు గారూ, తల్లిని కాదు అందామనుకున్నాను. కాని మైకు ముందుకు వెళ్ళి, "అన్నం తిని వెళ్ళవే" అన్నాను. మా ఇంట్లో ఎలా అంటామో అలాగే.

ఆయన దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ విన్నారు. "తల్లి మొత్తం నువ్వే చెప్పు. రేపు పదింటికి రా" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గేటు దగ్గరే ఉంది. "ఏమైంది?" అంది.

"హీరోయిన్ పోయింది అత్తయ్యా. ఆమె తల్లినయ్యాను."

అత్తయ్య నా ముఖంలోకి చూసింది. "పోనీలే, తల్లికి డైలాగులు తక్కువ. గొంతుకి మంచిదే" అంది.

నవ్వు ఆగలేదు. గట్టిగా, వీధిలోకి వినపడేలా నవ్వాను. నవ్వు కూడా కొత్తగానే ఉంది. అలవాటు చేసుకోవాలి.